బాబాని చిన్నకారులో కూర్చోబెట్టిన రోజు

బాబా పోయారని కబురు వచ్చేసరికి నేను రియాద్‌లోనే, మా అమ్మాయి ఫ్లాట్‌లో, పులుసుకి చింతపండు నానబెడుతున్నాను. మా సుజాత ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. విజిట్ వీసా తీసి నన్నూ వాళ్ళ నాన్ననీ రప్పించుకుంది. ఫోన్ ఎత్తితే అవతల మామా గొంతు. మన వైపు మామ అంటే మగమనిషి. అరబ్బుల ఇళ్ళలో పనిచేసిన మాలాంటి వాళ్ళకి మాత్రం ఇంటి యజమానురాలు మామా, యజమాని బాబా. నేనూ మా ఆయన దానియేలూ వయసులో ఉన్నప్పుడు పనిచేసింది వాళ్ళింట్లోనే. వంటా ఇల్లూ నావి, కార్లు ఆయనవి. ఊరు వెళ్ళిపోయాక కూడా పండగలకీ పుట్టుకలకీ పలకరించుకుంటూనే ఉన్నాం. “మర్యమ్, బాబా వెళ్ళిపోయాడు. నువ్వు ఇక్కడే ఉన్నావటగా, రా” అంది. నా పేరు మరియ అని ఆవిడకి తెలుసు. అయినా మొదటిరోజు నుంచీ మర్యమ్ అనే పిలుస్తుంది. చింతపండు గిన్నెలోనే వదిలేసి చేతులు కడుక్కున్నాను.

సుజాతకి ఆ పూట డ్యూటీ ఉంది. మాతోపాటు తనూ కాసేపు కూర్చుని అటునుంచి అటే ఆసుపత్రికి పోవచ్చని యూనిఫారంలోనే బయల్దేరింది. కారు తనదే, నడిపేదీ తనే. మేం ఉన్న రోజుల్లో ఈ ఊళ్ళో ఆడమనిషి స్టీరింగు పట్టుకోవడం కలలో కూడా లేదు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని, బ్రేకు లేని చోట కాలితో తొక్కుతూ, కిటికీలోంచి రోడ్డు వంకే చూస్తున్నారు. రోడ్డు నిండా చిన్నకార్లు. జపానువి, కొరియావి, ఇప్పుడు కొత్తగా చైనావి. అమెరికావి కూడా ఉన్నాయి గానీ అవన్నీ ఎత్తయిన జీపులు, వెనక తొట్టి ఉన్న పెద్ద బండ్లు. బాబా వాళ్ళుండే మలాజ్ పేట మలుపు తిరిగాక ఆయన వెనక్కి తిరిగి, “చూసేవా మరియా? చిన్నదొక్కటీ లేదు” అన్నారు. ఆయన దేనికోసం వెతుకుతున్నారో నాకు అప్పటికే తెలుసు. సుజాత “ఏం లేదు నాన్నా?” అంది. “అమెరికా చిన్నబండి” అన్నారు. ఆ బండి గురించి మా పిల్లకి ఇన్నేళ్ళలో సరిగ్గా చెప్పనేలేదు. దాని చదువు ఆ బండి మీదే ఆగబోయి ఆగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మలాజ్‌లో ఆ ఇల్లు అప్పటికే పాతది. చుట్టూ ఎత్తు గోడ, ఇనప గేటు, గేటు పక్కనే మా గది. తెల్లారుజామున నమాజు పిలుపుకి ఇల్లు లేచేది. బాబా మసీదు నుంచి తిరిగొచ్చేసరికి నేను గహ్వా దించాలి. గహ్వా అంటే వాళ్ళ కాఫీ. పాలుండవు, పంచదార ఉండదు. యాలకులు దంచి వేస్తే పసుపుపచ్చగా దిగుతుంది, ఆ వాసన గేటు దాకా వచ్చేది. దాన్ని చెవి లేని బుల్లికప్పులో పోస్తారు. ఆ కప్పుని ఫింజాన్ అంటారు. దాన్ని నిండా పోయకూడదు, అడుగున రెండు గుక్కలే పోయాలి. తాగినవాడు మళ్ళీ చెయ్యి చాపితే మళ్ళీ పోయాలి. ఈ పద్ధతి తెలియక కొత్తలో నేను మన ఇళ్ళలో మర్యాద చేసినట్టే అంచుదాకా నింపి, బాబా తమ్ముడు సాలెహ్‌ చేతికిచ్చాను. గదిలో అందరూ గొల్లున నవ్వారు. నిండుగా పోస్తే, తాగి ఇక దయచెయ్యి అని అర్థమట. “సాలెహ్, మర్యమ్ నిన్ను లేచి పొమ్మంటోంది” అని బాబా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నేను మాత్రం వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ ఇంటికి అసలు పెద్ద, బాబా వాళ్ళమ్మ. అందరూ జద్దా అనేవాళ్ళు, అంటే నాయనమ్మ. గోళ్ళకి గోరింటాకు, చేతిలో పళ్ళుతోముకునే వేరుపుల్ల, నడుముకి తాళాల గుత్తి. సోఫాలు ఎన్ని ఉన్నా కింద పరుపు మీదే కూర్చునేది. మధ్యాహ్నం నేను అన్నం పెద్ద పళ్ళెంలో కుమ్మరించి మీద మాంసం పేర్చి తెస్తే, ఎండబెట్టిన నిమ్మకాయల వాసన ఇల్లంతా అల్లుకునేది. జద్దా ముందు నాకూ మా ఆయనకీ వేరే పళ్ళెంలో తీయించి, గేటు పక్క గదికి పంపించాకే ‘బిస్మిల్లా’ అనేది. మా ఆయనకి అన్నంలో మెత్తటి ముక్కలు పడ్డాయో లేదో కూడా చూసేది. చక్కెర జబ్బుతో ఆవిడ కాలికి పుండు పడి మానేది కాదు. కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి తిరుగుతూనే ఉండాలి. తీసుకెళ్ళేది మా ఆయన, పక్కన కూర్చునేది నేను.

బాబా ఒక అమెరికా కార్ల ఏజెన్సీలో స్పేర్ పార్టుల కౌంటరుకి పెద్ద. చిన్నప్పుడే ఆ ఏజెన్సీలో చేరి, ఆ జీతంతోనే ఇల్లు కట్టి, తమ్ముణ్ణి చదివించారు. ఆయన పెద్ద కారు పడవంత ఉండేది. లోపల సీటు మన డ్రాయింగు రూము సోఫా. జద్దా అందులో కాళ్ళు మడుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చునేది. మండే ఎండలో ఏసీ వేస్తే చలికి దుప్పటి అడిగేది. అబద్ధం ఎందుకు, ఆ పెద్దబండి బంగారం. ఇసకలోనైనా, ఎడారి మీదుగా మక్కా దాకా అయినా, పిల్లా జెల్లాని వేసుకుని తిరిగొచ్చిందే తప్ప ఎక్కడా ఆగలేదు. బాబా రోజూ పొద్దున్నే దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తలమీది రుమాలు అంచుతో అద్దం మీద మచ్చ తుడిచేవారు. “ఈ దేశంలో రోడ్లు పడకముందే ఈ బండ్లు నడిచాయి” అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ కాస్త సాగేది.

పిల్లల బడికీ, జద్దా ఆసుపత్రికీ, నా సరుకులకీ ఇంకో బండి కావాల్సొచ్చింది. అప్పటికే సాలెహ్‌ ఒక జపాను చిన్నకారు కొని వాళ్ళింటికి తెచ్చుకున్నాడు. బాబా దాన్ని చేపల డబ్బా అని వెక్కిరించేవారు. అదే రోజుల్లో బాబా ఏజెన్సీకి అమెరికా చిన్నకార్లు దిగాయి. ఇంత పెద్ద బండి చేసినవాళ్ళకి చిన్నది చెయ్యడం ఒక లెక్కా అని బాబా నమ్మకం. ఎర్రటి రంగుది ఒకటి కొని గేట్లోంచి తోలించుకొచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మామా అగరు పొగ వేసి బండి చుట్టూ తిప్పింది. మా ఆయన గదిలోకొచ్చి మోకరించి, ఈ బండి వల్ల ఎవరికీ దెబ్బ తగలకూడదని ప్రార్థన చేసుకున్నారు. బాబా తన పెద్దబండి తనే నడుపుకుని పనికి పోయేవారు. చిన్నది పూర్తిగా మా ఆయన చేతికొచ్చింది.

నెలలు గడవకుండానే దాని గుణం బయటపడింది. మొదట ఒక తలుపు పిడి ఊడి చేతిలోకొచ్చింది. తర్వాత స్టీరింగు ముందున్న నల్లటి ప్లాస్టిక్కు ఎండకి బీటలు వారింది, చెరువు ఎండినట్టు. గేరు మారినప్పుడల్లా జద్దా ముందుకి తూలి “అల్లా!” అనేది. స్విచ్చు నొక్కితే దిగిన అద్దం ఎక్కేది కాదు, ఎక్కినది దిగేది కాదు. ఒకరోజు లోపలి పైకప్పు గుడ్డ జిగురు వదిలి జారి, జద్దా తలమీద ముసుగు మీద ముసుగులా పడింది. “మర్యమ్, గుడారం కూలింది!” అని ఆవిడ లోపలినుంచి అరుస్తోంది. నాకు నవ్వాగలేదు. ఆ సాయంత్రం నేను నా దబ్బనం, లావు దారం పట్టుకుని బండిలో వెల్లకిలా పడుకుని ఆ గుడ్డని అంచుపొడవునా బొంత కుట్టినట్టు కుట్టేశాను. మా ఆయన దీపం పట్టుకుని, “కారుకి రవిక కుడుతున్నావే మరియా” అని ఎగతాళి చేశారు. ఆ కుట్టు మాత్రం మళ్ళీ జారలేదు.

జద్దాకి ఇదంతా కన్ను కుట్టడమే అనిపించేది. ఎవరో చూసి మెచ్చుకుని పైవాడి పేరు చెప్పకుండా పోయారని, వాళ్ళ దిష్టి తగిలిందని, ఆసుపత్రికి వెళ్ళేముందు అగరుపొగ వేయించేది. పాపం ఎవరు మెచ్చుకున్నారో నాకైతే తెలియదు. బతాలో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. శుక్రవారం మమ్మల్ని బతాకి వదిలేవాళ్ళు. కరివేపాకూ, ఎండుచేపలూ, మనవాళ్ళ మాటలూ దొరికేచోటు అది. సాలెహ్‌ కారు నడిపే మస్తాను కడప మనిషి. టీ కొట్టు ముందు మా ఆయన్ని చూడగానే మొదలుపెట్టేవాడు.

“ఏమప్పా దానియేలూ, నీ బండి మళ్ళా షెడ్డులో పండుకున్యాదంట గదా?”

“నోరు మూసుకో. నీది బండా? బిస్కట్టు డబ్బా.”

“డబ్బానే. ఆ డబ్బాకు బానెట్టు ఏ పక్కనుంచి ఎత్తాలో కూడా నాకు తెల్దు. ఎత్తే పనే పడ్లా!”

అందరూ నవ్వేవాళ్ళు, మా ఆయనా నవ్వేవారు. గదికొచ్చాక మాత్రం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఎందుకంటే ఏజెన్సీ షెడ్డువాళ్ళు ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాళ్ళు, బండిలో లోపం లేదు, డ్రైవరు కాలు బరువు అని. బాబా ఆ మాటే నమ్మారు. నమ్మకపోతే ఆయన తన జీవితం అంతా కౌంటరు దగ్గర నిలబడి చెప్పినదాన్ని తానే కాదనాలి. ఒకరోజు పెరట్లో అందరి ముందూ అనేశారు. “యా దానియాల్, విను. మా అమ్మ లోపల ఉండగా ఈ బండి ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగిందా, ఖలాస్. నీకూ మర్యమ్‌కీ ఎగ్జిట్.” ఎగ్జిట్ అంటే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి ఊరికి పంపేయడం. మామా గుమ్మంలో నిలబడి తల పక్కకి తిప్పుకుంది.

మాకు ఊళ్ళో ఒక్కతే ఆడపిల్ల, ఈ సుజాతే. నరసాపురంలో మా అక్క దగ్గర పెట్టి, కాన్వెంటులో చేర్చాం. నేను అయిదో తరగతితో బడి మానినదాన్ని. మా ఆయనది అంతకన్నా తక్కువ. దాన్ని మాత్రం చదివించాలని, అది చదివినంతకాలం ఈ గేటు పక్క గదిలో పడి ఉందామని ఇద్దరం ఒట్టు వేసుకున్నట్టే ఉన్నాం. ఎగ్జిట్ అంటే మాకు ఊరు కనబడలేదు, దాని బడిసంచి కనబడింది. మా ఆయన ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి బండి కింద దూరి, పైన దూరి, నీళ్ళు పోసి, నూనె చూసి, పసిపిల్లకి చేసినట్టు చేసేవారు. ఒకసారి జద్దా జపమాల సీటు కింద పడితే వెతకబోయి నా వేలు కోసుకుంది. అక్కడ రేకు అంచు నున్న చెయ్యకుండా వదిలేశారు. మర్నాడు శుక్రవారం, సాలెహ్‌ వాళ్ళు భోజనానికొస్తే నేను మస్తాన్ని అడిగి వాళ్ళ బండి సీటు కింద చెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది. రంగు కూడా వేశారు. ఎవరికీ కనబడనిచోట కూడా ఎవరో చెయ్యి పెట్టి చూసుకున్నారనిపించింది. “ఏందక్కా, బంగారం పోగొట్టుకున్యావా?” అన్నాడు మస్తాను.

ఆ రోజు రానేవచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. జద్దాని ఆసుపత్రికి తీసుకెళుతున్నాం. బండి ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. ఏసీ పోయింది. అద్దాలు దిగవు. వెనక రెండు తలుపుల లోపలి పిడులూ ఎప్పుడో ఊడాయి. జద్దా “మర్యమ్, గాలి” అంది, అంతే, మాట ఆగింది. మా ఆయన దూకి బయటినుంచి తలుపు తీశారు. తీసి నిలబడిపోయారు. వాళ్ళ ఇంటి ఆడమనిషిని పరాయి మగవాడు ముట్టుకోకూడదు కదా. జద్దా కళ్ళు తెరిచి, “ఏం చూస్తున్నావు? నువ్వు నా కొడుకువే. ఎత్తు” అంది. రెండు చేతులమీదా ఎత్తుకుని రోడ్డు పక్క సరుకుల కొట్లోకి తీసుకెళ్ళారు. కొట్టు మలయాళీది. అతను కూల్‌డ్రింకుల పెట్టె ముందు కుర్చీ వేసి, చల్లటి లబన్ చేతికిచ్చాడు. లబన్ అంటే మన చిక్కటి మజ్జిగే. నేను తడిగుడ్డతో ఆవిడ మెడా చేతులూ తుడుస్తూ, నాలోపల నేను యేసయ్యని పిలుచుకుంటున్నాను. ఆవిడ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. అప్పుడు మా ఆయన కొట్లోంచే బాబాకి ఫోన్ చేశారు. “బండి ఆగిపోయింది బాబా. జద్దా క్షేమం” అన్నారు. ఫోన్ పెట్టేసి నా వంక చూశారు. ఆ చూపులో నరసాపురం ఉంది.

బాబా పెద్దబండిలో వచ్చారు. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు ముద్దుపెట్టుకున్నారు. ఆవిడ బాగానే ఉందని తెలిశాక లేచి మా ఆయన వైపు తిరిగారు. “నేను ముందే చెప్పాను దానియాల్.” మా ఆయన తల వంచుకున్నారు. బాబా “ఖలాస్” అనబోయారు.

“అబ్దుల్లా” అంది జద్దా. ఆ పేరు పెట్టి బాబాని పిలిచే మనిషి ఆవిడొక్కతే. “కారెక్కు.”

“పద అమ్మా. ఏసీ వేసే ఉంచాను.”

“నీ పడవ కాదు. అది. వెనక సీటు. నేను కూర్చునే చోట.”

“అమ్మా, జనం చూస్తున్నారు.”

“చూడనీ. నేను ఈ లబన్ తాగేదాకా కూర్చో. తలుపేసుకో.”

వాళ్ళలో తల్లిమాట అంటే మాటే. ఎంత వయసొచ్చినా, ఎంత ఉద్యోగమైనా. బాబా భారీ మనిషి. తెల్లటి దుస్తులు సర్దుకుని, తల వంచి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ వెనక సీట్లో ఇరుక్కున్నారు. మా ఆయన తలుపేశారు. జద్దా లబన్ తాగడం మొదలుపెట్టింది. ఆవిడ అంత నెమ్మదిగా తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, కొట్లో ఖర్జూరాలు ఏ ఊరివని మలయాళీని అడిగి, మళ్ళీ ఒక గుక్క. లోపల బాబా ముందు స్విచ్చు నొక్కారు. తర్వాత పిడి కోసం తడుముకున్నారు. తర్వాత అద్దం మీద వేళ్ళతో కొట్టారు. మా ఆయన తలుపు మీద చెయ్యి వేసి జద్దా వంక చూశారు, తియ్యమంటారా అన్నట్టు. ఆవిడ ఇంకో గుక్క వేసింది. మలయాళీ గబగబా లోపలికెళ్ళి బియ్యం బస్తాల వెనక నిలబడ్డాడు, అతని భుజాలు కదులుతున్నాయి. చివరికి జద్దా గ్లాసు కింద పెట్టి తల ఊపింది.

బాబా దిగేసరికి బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. తలరుమాలు వంకరైంది. ఆయన కోపంగా లేరు. అందుకే నాకు భయం వేసింది. వంగి మళ్ళీ బండిలోపలికి చూసి, పైకప్పు మీద వేలు పెట్టి, “ఈ కుట్టు ఎవరిది?” అన్నారు. “నాదే బాబా. గుడ్డ జద్దా మీద పడుతోందని” అన్నాను. “మంచి కుట్టు” అన్నారు. తలరుమాలు సర్దుకుంటూ, “ఈ బండిని నేను కొన్నాను. నా మాట మీద ఎంతమందో ఇలాంటిదే కొన్నారు. దాని వెనక సీట్లో మాత్రం ఇవాళే కూర్చున్నాను” అన్నారు. అది మాతో అన్నదో, తల్లితో అన్నదో, తనతో తనే అన్నదో నేను చెప్పలేను. ఎగ్జిట్ అన్న మాట ఆ రోజు రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున్న మా ఆయన్ని పిలిచి పెద్దబండి తాళాలు చేతిలో పెట్టారు. “అమ్మని దీంట్లో తిప్పు. అది నేను నడుపుతాను.” ఆ ఎర్రబండిలో ఆయన పనికి పోయి వస్తుంటే వీధిలో పిల్లలు లేచి నిలబడి చూసేవాళ్ళు. ఆయన పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం తలరుమాలు భుజాన వేసుకుని నడుచుకుంటూ గేట్లోకి వచ్చారు. ఎక్కడ ఆగిందని ఎవరూ అడగలేదు. మామా నీళ్ళిచ్చింది. ఆయన తాగి, “నా కాలు కూడా బరువేనట” అన్నారు. షెడ్డువాళ్ళు బాబాకి కూడా అదే చెప్పారన్నమాట. మామా ముందు నోరు నొక్కుకుంది, తర్వాత ఆగలేక పకపకా నవ్వింది. బాబా కూడా నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. పెరట్లోకి పోయి కుళాయి కింద ముఖం కడుక్కుని చాలాసేపు అక్కడే ఉన్నారు.

తర్వాతి వారం జపాను చిన్నకారొకటి గేట్లోకి వచ్చింది. ఎర్రది వెనక గోడ పక్కన ఉండిపోయింది, జద్దా పిల్లి అందులో పిల్లల్ని పెట్టింది. మా ఆయన జపాను బండిని పెద్దబండి వెనక, వీధికి కనబడకుండా పెడితే, బాబా “ముందు పెట్టు. నేను దొంగతనం చెయ్యలేదు” అన్నారు. ఏజెన్సీకి అమెరికా నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడని తెలిసినా అక్కడే ఉంచారు. ఆ రోజు మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే గదిలో, గహ్వా పోసింది మా ఆయనే, అక్కడి మాటలు నాకు చేరవేసిందీ ఆయనే. ఆ అమెరికా ఆయన మంచివాడు. పళ్ళెం చుట్టూ అందరితోపాటు కింద కూర్చుని చేత్తో తిన్నాడు. జపాను బండి చూసి నొచ్చుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. “మా దేశంలో పెట్రోలు చౌక, రోడ్లు పెద్దవి. చిన్నబండి అంటే డబ్బు లేనివాడు కొనేది. దాని మీద మాకు మిగిలేది తక్కువ. అందుకే మా పెద్దల మనసు దానిమీద ఉండదు. చిన్నది కొన్నవాడు రేపు జీతం పెరిగితే ఎలాగూ మా పెద్దది కొంటాడు” అన్నాడట.

బాబా ఆయన చేతిలో ఫింజాన్ వంక చూపించి అన్నారట. “మేం అతిథికి ముందు ఇచ్చేది ఇది. రెండు గుక్కలే. ఇది బాగుంటేనే చెయ్యి చాపుతాడు, ఇది బాగుంటేనే పళ్ళెం దాకా కూర్చుంటాడు. మీరు ఈ రెండు గుక్కలూ చేదుగా పోసి, పళ్ళెం కోసం ఆగమంటున్నారు. అతను పక్కింటికి పోయాడు. పక్కింట్లో కూడా పళ్ళేలున్నాయి.” ఆ అమెరికా ఆయన ఫింజాన్ చాపితే మా ఆయన మళ్ళీ పోశారట. ఇదంతా వంటింట్లో నాకు చెబుతూ మా ఆయన ఛాతీ ఉబ్బించుకున్నారు, ఆ మాటలు తనే అన్నట్టు. “అలా అన్నారండీ మన బాబా?” అన్నాను. “ఆయ్! నా ఎదురుగానే!” అన్నారు.

నాకు కార్ల సంగతి తెలియదు గానీ వంట సంగతి తెలుసు. వందమందికి వండే గుండిగలో ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా మాంసం, నెయ్యి, మసాలా దాన్ని దాచేస్తాయి. ఇద్దరికి వండే గిన్నెలో దాచడానికి చోటుండదు. పెద్దబండిలో ఆ మెత్తటి సీట్లూ, ఆ చల్లటి గాలీ చాలా తప్పుల్ని కప్పేవేమో. చిన్నదానిలో అన్నీ బయటే. జపానువాళ్ళు ఆ చిన్నగిన్నెనే ఇంటి వంటలా వండారు. అమెరికావాళ్ళు పెళ్ళివంట దించాక మిగిలిన నిప్పు మీద పడేశారు. అలా పక్కింటికి, అంటే జపాను బండికి, పోయినవాడు మస్తాను చెప్పినట్టు బానెట్టు ఎత్తే పని పడక, కొడుక్కీ అదే కొన్నాడు, అల్లుడికీ అదే కొన్నాడు, కొంచెం డబ్బొచ్చాక ఆ జపానువాళ్ళ పెద్దబండే కొన్నాడు. బాబా ఏజెన్సీ నుంచి దిగిపోయేదాకా ఆ అమెరికా పెద్దబండి వదల్లేదు, దాని మీద ప్రేమా వదల్లేదు. కాకపోతే కౌంటరు దగ్గరికి ఏ డ్రైవరైనా వచ్చి, బండి తప్పు కాదు, నా తప్పేనట అంటే, ఆ బండి తాళాలు తీసుకుని ముందుగా వెనక సీట్లో కూర్చుని చూసేవారట. ఆ అలవాటు చూసి ఏజెన్సీలో నవ్వేవాళ్ళు. ఆ అలవాటున్న మనిషి ఇంట్లో మేం పనిచేశామని నాకు ఇవాళ్టికీ గొప్పే.

ఆ జపాను బండి ఉన్నంతకాలం మేమూ ఉన్నాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, జద్దా అదే బండిలో తిరిగి తిరిగి ఒకనాడు నిద్రలోనే పోయింది. నరసాపురంలో మా పిల్ల బడి దాటింది, కాలేజీ దాటింది, నర్సింగు చదివింది. అప్పట్లో నేను అడుగు బయటపెట్టాలంటే ఇంటి మగవాళ్ళు, డ్రైవరు, అనుమతి కావాలి. ఇవాళ నా కూతురు తాళం తిప్పి, అద్దం సర్దుకుని, మా ఇద్దర్నీ ఎక్కించుకుని అదే వీధిలోకి తిరిగింది. ఇల్లు మారలేదు. గేటుకి కొత్త రంగు. మా గదిలో ఇప్పుడు బంగ్లాదేశ్ డ్రైవరు ఉంటున్నాడు, బయట అతని లుంగీ ఆరేసి ఉంది.

మా ఆయన మగవాళ్ళ వైపు వెళ్ళారు. నేనూ సుజాతా ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళాం. గోడ చుట్టూ ఆడవాళ్ళు, మధ్యలో ఏ నగా లేకుండా మామా. నన్ను చూడగానే చేతులు చాపింది. పలకరింపుకొచ్చినవాళ్ళు పోయినమనిషి మంచిని ఒక మాట చెప్పడం వాళ్ళ పద్ధతి. ఒకావిడ ఆయన దానాలు చెప్పింది, ఇంకొకావిడ ఆయన నమాజు చెప్పింది. నా వంతొచ్చింది. నా అరబ్బీ వంటింటి అరబ్బీ, అందులోనూ తుప్పు పట్టింది. అయినా చెప్పాను. “తల్లి కూర్చోమంటే ఆ ఎర్రబండిలో కూర్చున్నారు. కూర్చుని, తన మాట వెనక్కి తీసుకున్నారు.” తెలిసినవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. మామా నా చెయ్యి వదల్లేదు.

ఎదురుగా ఉన్న పెద్దావిడ సుజాత యూనిఫారం చూసి, “ఈ నర్సు ఎవరు?” అంది. నేను నోరు తెరిచేలోగా మామా అందుకుంది. “మా ఇంటి పిల్ల. ఇక్కడినుంచే చదువుకుంది.”

సుజాత ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. నేను మామా మాట దిద్దలేదు. సుజాతకి అరబ్బీ నాకన్నా బాగా వచ్చు, తనూ దిద్దలేదు. సుజాతే పరుపు మీద మామాకి దగ్గరగా జరిగి, “పొద్దుట్నించి ఏమైనా తిన్నారా? బీపీ మాత్ర వేసుకున్నారా?” అని అడుగుతూ, అలవాటుకొద్దీ ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూడసాగింది. మామా చెయ్యి అలాగే దాని చేతిలో వదిలేసి కళ్ళు మూసుకుంది.